పిల్లి పత్యం

దాహం సంగతి నాకెవరూ చెప్పక్కర్లేదు. ఎండాకాలంలో మా మెట్ట పొలాల్లో రాళ్లు ఏరే కూలివాళ్లు కూడా దప్పికైతే కుండ దగ్గరికి పోయి కడుపునిండా తాగి వస్తారు. బాలింతకు ఆ పాటి వీలు లేదు. నా తొలి కాన్పు సరిగ్గా ఆ ఎండల్లోనే వచ్చింది. గద్వాల పక్కన ఉన్న అత్తగారింటి నుంచి బండిలో బయల్దేరి, పుట్టిలో కృష్ణ దాటి, మళ్లీ బండెక్కి పాన్‌గల్ దగ్గరి మా పుట్టింటికి చేరాను. నెలలు నిండాక మగపిల్లవాడు పుట్టాడు. అందరూ సంతోషించారు. మర్నాటి నుంచి నాకు నీళ్లు బంద్ చేశారు.

బంద్ అంటే పూర్తిగా కాదు. పొద్దున అర గ్లాసు, సాయంత్రం అర గ్లాసు ఇచ్చేవారు. అదీ వాము వేసి మరిగించి, నాలుక కాలేంత వేడిగా. బాలింతను బావి దగ్గరికి తీసుకుపోయి, గట్టుకు పసుపు కుంకుమ పెట్టించి, ఆమె చేత మొదటి చేద లాగించే రోజొకటి ఉంటుంది. ఆ రోజు దాకా ఇంతే. అంతకు మించి తాగితే బాలింతకు పొట్ట జారుతుందని, బిడ్డకు రొమ్ము జలుబు పడుతుందని, పాలు పలచబడతాయని మా అమ్మ నమ్మకం. నమ్మకమని ఇప్పుడంటున్నాను గానీ అప్పుడది చట్టం. దొంగతనంగా తాగలేకపోయావా అని ఎవరైనా అడగవచ్చు. పురిటి మైలలో ఉన్నదాన్ని వంటింటి కడవ ముట్టుకుంటే ఇంట్లో కుండలన్నీ పారేయాలి. అంత పని చేసే ధైర్యం నాకు లేదు.

పురిటి గదికి కిటికీ లేదు, పైన గోడలో చెయ్యి పట్టేంత వెలుతురు కన్ను ఉండేది. మంచం కింద కుంపటి, తలకు గుడ్డ, చెవుల్లో దూది. తిండి ఎండు జొన్నరొట్టె, వెల్లుల్లి కారం. బయట రాళ్లు పగిలే ఎండలు కాస్తుంటే లోపల నేను ఇలా కాగుతున్నాను. మా అమ్మకు ఎదురు చెప్పి గెలిచినవాళ్లు లేరు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అనే రకం. నా నోరు కూడా ఆమె నుంచే వచ్చింది కాబట్టి ఇద్దరం పొద్దస్తమానం కొట్లాడుకునేవాళ్లం, ఎప్పుడూ ఆమే గెలిచేది.

ఇంతలో పిల్లి వచ్చింది. గుమ్ముల్లో జొన్నలనూ మూటల్లో విత్తనపు పల్లికాయనూ ఎలుకల నుంచి కాపాడే చారల పిల్లి అది, మా ఇంట్లోనే పెరిగింది. మా అత్తగారి ఊళ్లో పిల్లిని బెక్కు అంటారు, కన్నడం కలిసిన మాట. నేను అలవాటుగా బెక్కు అని పిలిస్తే మా అమ్మకు ఒళ్లు మండేది, అప్పుడే మెట్టినింటి మాటలు పట్టిందని. ఆ పిల్లి నిండు కడుపుతో ఉండి, ఒకనాడు అమ్మ తలుపు తీసినప్పుడు సందు చూసుకుని లోపలికి దూరింది. నా కొడుకు కోసం దాచిన పాత మెత్తటి చీర పేలికల గంపలో నాలుగు పిల్లల్ని కన్నది.

అమ్మ చీపురు పట్టుకుని వచ్చింది. గంపలో తడితడిగా కదులుతున్న పిల్లల్ని చూసి చీపురు దించేసింది. బాలింతను వెళ్లగొడితే పాపమన్నది. నా మీద లేని దయ దాని మీద పుట్టింది కదా, పోనీ అదైనా సుఖపడుతుందని సంతోషించాను. కానీ అమ్మ అక్కడే నిలబడి ఏదో ఆలోచించి, నా మంచం అంచున కూర్చుంది.

"ఒక్క కప్పు కింద ఇద్దరు బాలింతలుంటె ఒకరి పాలు ఒకరు గుంజుకుంటరు బిడ్డా. దానికి సల్లలు, పాలు పోసినమనుకో, నీ రొమ్ములు ఎండుతయి. ఇగ నీకేది పెడితె దానికి గదే పెడత."

నేను నవ్వాను. నవ్వినందుకు ఆమె నా వైపు ఎలాగో చూసింది. ఆ చూపు నాకప్పుడు అర్థం కాలేదు.

ఆనాటి నుంచి పిల్లికి కూడా పత్యం మొదలైంది. రోజూ పొద్దున సల్ల, అదే మజ్జిగ, కలిపిన రొట్టె తినే పిల్లికి ఎండు రొట్టె ముక్కల మీద వెల్లుల్లి కారం చల్లి పెట్టింది. అది వాసన చూసి తుమ్మి వెనక్కి జరిగింది. పెంకులో వాము నీళ్లు పోసింది. అది ఆ పెంకు చుట్టూ తిరిగి, కాలితో నేలను గీకి, మలాన్ని పూడ్చినట్టు దాని మీద లేని మట్టిని తోసింది. బాలింత బయట తిరగకూడదు కాబట్టి తలుపు గొళ్లెం కూడా పడింది. మూలకు బూడిద పోసిన పాత కుండ పెట్టి దాని అవసరాలకు అదే అన్నది. వేటాడి బతికే జంతువును గదిలో పెట్టి పత్యం చేయించిన ఇల్లు మాదొక్కటే అయి ఉంటుంది.

నా అర గ్లాసులో సగం దానికి పోద్దామని చూశాను. అవీ వాము నీళ్లే కదా. ముక్కు దగ్గర పెడితే తల తిప్పుకుంది. నేను నోరు కట్టుకుని మిగిల్చిన నీళ్లు అది తాగదు, నేను తాగుదామంటే అప్పటికే దాని మూతి తగిలింది. ఆ గ్లాసు పట్టుకుని పిచ్చిదానిలా ఏడ్చాను. రెండో రోజుకో మూడో రోజుకో అది దిగి వచ్చింది. చెవులు వెనక్కి మడిచి, కళ్లు మూసుకుని, ఆ వాము నీళ్లే నాలుగు నాకులు నాకింది. ఆ మొహం చూస్తే పొద్దున గ్లాసు అందుకునేటప్పుడు నా మొహమే గుర్తుకొచ్చేది.

అది తెలివైనది. ఒక పిల్లను మెడ పట్టుకుని తలుపు దాకా పోయింది, తలుపు మూసి ఉంటే మళ్లీ గంపకు తెచ్చింది. ఇంకోసారి తీసుకుపోయింది. పిల్ల నోట్లో వేలాడుతుంటే గదంతా తిరిగింది. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందని అందరికీ తెలుసు. మా నాయన తలుపవతల నుంచి అదే మాట అన్నాడు, తిప్పుకోనియ్యి అన్నాడు. తలుపు తీస్తే గాలి తగిలి బిడ్డకూ బాలింతకూ సుస్తీ చేస్తుందని అమ్మ అన్నది. నాయన అక్కణ్నుంచి పోయాడు. పురిటి గది విషయంలో మగవాడు నోరు పెట్టకూడదని ఆయనకు గట్టి నమ్మకం. ఆయనకున్న అన్ని నమ్మకాల్లో అదే సుఖమైనది.

ఆ తర్వాత ఆముదం సంగతి. పసిబిడ్డకు రోజూ మాడు మీద ఆముదం పెట్టి అద్దుతారు, చలవకు, మాడు గట్టిపడటానికి. నా కొడుక్కి పెట్టి, అదే చేత్తో అమ్మ నాలుగు పిల్లి పిల్లల మాడుల మీద కూడా తలా ఒక చుక్క పెట్టింది. ఒక బిడ్డకు చేసి ఇంకో బిడ్డకు చేయకపోతే దిష్టి తగులుతుందట. నేను వద్దంటూనే ఉన్నాను. తల్లి పిల్లి ఊరుకుంటుందా? పిల్లల ఒంటి మీద ఏది ఉన్నా నాకి శుభ్రం చేయడమే దాని పని. నాలుగు తలలూ నున్నగా నాకింది. మర్నాడు మళ్లీ పెట్టింది, మళ్లీ నాకింది. ఇక చూడాలి, దానికి విరేచనాలు పట్టుకున్నాయి. బూడిద కుండ దాకా పోయే ఓపిక కూడా లేక గోడ పక్కనే కూలబడింది.

ఆముదం నాకింది కాబట్టి కడుపు జారింది, కడుపు జారింది కాబట్టి నీళ్లు కావాలి అని నేను చెప్పాను. చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యే మాట. అమ్మ దానికి చలవ చేసిందన్నది. చలవకు వేడి విరుగుడు అని రొట్టె మీద కారం పెంచింది, కుంపట్లో ఇంకో నాలుగు పిడకలు వేసింది. పొగ కమ్మింది. ఎవరి తల గోడకేసి కొట్టుకోవాలో తెలియక నా తలే పట్టుకుని కూర్చున్నాను.

పిల్లి పొట్ట కింద చేయి పెట్టి చూస్తే చన్నులు ఎండిన తోలులా ఉన్నాయి. పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కి పీకేవి, ఏమీ రాక కీచుమనేవి. ఇటు నా సంగతీ అంతకంతకూ అలాగే అవుతోంది. మొదట్లో రవిక తడిసేంత పాలు ఉండేవి. ఆ ఎండల్లో, ఆ కుంపటి మీద, అర గ్లాసు నీళ్లతో ఎన్నాళ్లుంటాయి? కొడుకు కాసేపు చప్పరించి, వదిలేసి, మొహం ఎర్రగా చేసుకుని ఏడ్చేవాడు. వాడు ఏడ్చినప్పుడల్లా అమ్మ గంప వైపు చూసేది. నేనేమో నీళ్ల గ్లాసు వైపు చూసేదాన్ని. ఒకే గదిలో ఉండి ఇద్దరం రెండు జబ్బులు చూస్తున్నాం.

పిల్లలు కళ్లు విచ్చే వేళకు పొగకు పుసి కట్టి రెప్పలు అతుక్కుపోయాయి. తల్లికి వాటిని నాకే ఓపిక లేదు. బిడ్డల కళ్లకు పుసి పడితే తల్లిపాలు రెండు చుక్కలు వేయడం మా ఇళ్లలో అందరూ చేసే వైద్యమే, నా కొడుక్కి అమ్మే చేయించింది. నేను ఒక పిల్లను ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని ఉన్న కాసిని పాలలో రెండు చుక్కలు దాని కళ్లలో పిండాను. గుడ్డ కొసతో మెల్లగా తుడిస్తే పుసి మెత్తబడి ఒక రెప్ప విచ్చుకుంది. లోపల నీలంగా, మసకగా కన్ను కనిపించింది. ఎన్నో రోజులకు నాకు సంతోషం కలిగింది. తలెత్తితే గుమ్మంలో అమ్మ, చేతిలో రొట్టె పళ్లెం.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. పళ్లెం కింద పెట్టి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. ఆ మధ్యాహ్నం నా కొడుకు ఆపకుండా ఏడ్చాడు. నేను చేజేతులా పిల్లికి పాలు ధారపోశానని అమ్మకు రూఢి అయిపోయింది.

మర్నాడు పొద్దున నాలుగు పిల్లల్లో చిన్నది చల్లబడి ఉంది. తల్లి దాన్ని మూతితో కదిపి కదిపి చూస్తోంది. నాయన దాన్ని ఆకులో పెట్టి పెరట్లో పూడ్చి వచ్చాడు. ఆయన సరుకులకు వనపర్తి పోతుంటే తలుపు దగ్గరికి పిలిచి, అక్కడ దవాఖానలో డాక్టరును అడిగి రమ్మని బతిమాలాను. పిల్లికని అడిగితే నవ్వుతారు, నాకనే అడగమన్నాను. ఆయన పొద్దుగూకే వేళకు వచ్చి, బాలింతకు నీళ్లు బాగా తాగించాలని డాక్టరు చెప్పాడని గొణిగాడు. నా ప్రాణం లేచి వచ్చింది. అమ్మ చేట కింద పెట్టి మా నాయనను అడిగింది.

"ఆ డాక్టరు సాబు ఎన్ని కాన్పులు కన్నడంట?"

నాయన కాళ్లు కడుక్కోవడానికి పోయాడు. ఆ మనిషి మీద నాకు అంత కోపం మళ్లీ ఎప్పుడూ రాలేదు.

రెండో పిల్ల పోయిన రోజు అమ్మ గోనెసంచి పట్టుకుని వచ్చింది. పిల్లిని అందులో వేసి కట్టి నాయన చేత బండిలో పెద్దమందడి అవతల వదిలి రమ్మంటానన్నది. పిల్లలను ఏం చేస్తావని అడిగాను. తల్లి లేనిదే అవి ఎలాగూ ఉండవు అన్నది. నేను మంచం దిగి గంప మీద పడ్డాను. గుడ్డ కట్టిన తలతో, దూది పెట్టిన చెవులతో, గంపను రెండు చేతులా పట్టుకుని నేల మీద కూర్చున్నాను. నోటికి వచ్చినవన్నీ అన్నాను. నీ పిచ్చి నమ్మకాలకు పసిప్రాణాలను బలి ఇస్తున్నావన్నాను. నా కొడుకును కూడా చంపేదాకా ఊరుకోవా అన్నాను. తల్లితో అనకూడని మాట.

అమ్మ సంచి మీదనే కూర్చుంది.

"పాలు గుంజుకుంటరంటె నవ్వినవు గద. నీ కంటె ముందు నాకొక ఆడపిల్ల పుట్టింది, నీకు ఎరికేనా? గీ అర్రల్నే పుట్టింది."

ఒక బిడ్డ పుట్టి నిలవలేదని మాత్రం నాకు తెలుసు. మిగతాది అప్పుడు చెప్పింది. అప్పుడు మా నాయనా పెదనాయనా కలిసే ఉండేవారు. పెదనాయన భార్య, నాకు పెద్దమ్మ, అదే నెలలో పక్క గదిలో మగపిల్లవాడిని కన్నది. ఆమెకు పాలు పొంగిపొర్లేవి. మా అమ్మకు ఎండిపోయాయి. ఆడపిల్ల నోరు తెరిచి తెరిచి, చివరికి ఏడుపు కూడా రాక పోయింది. పెద్దకోడలే చిన్నకోడలి పాలు లాగిందని మా నాయనమ్మ తేల్చింది. ఆ తర్వాత అన్నదమ్ములు వేరుపడ్డారు, ఇంటి నడుమ గోడ లేచింది. గోడ అవతల ఉన్న పెద్దమ్మతో మా అమ్మ ఎందుకు మాట్లాడదో నాకు ఆ రోజు దాకా తెలియదు. ఏదో పొలం తగాదా అనుకున్నాను.

నా కోపం ఇంకా దిగలేదు. అందుకే ఆ కోపంతోనే అడిగాను, అప్పుడు నీకు నీళ్లు ఇచ్చిండ్రా అని.

"ఎవరిస్తరు? మా అత్త ఇంత వాము నీళ్లు పోస్తుండె. నాలిక పిడచగట్టుకపోతుండె."

"మరి పెద్దమ్మకు?"

"ఆమె ముచ్చట అడగకు. ఆమె తల్లి సోమశిల నుంచి ఒచ్చి పక్కనే కూసుండె. కృష్ణ ఒడ్డోళ్లు, వాళ్లకు పత్యం ఏం తెలుసు? పొద్దుకు చెంబులకు చెంబులు తాగిపిస్తుండె. మేమందరం నవ్వుకుంటుంటిమి, గీమె పిలగాడు బతకడని..."

అక్కడ ఆగిపోయింది. తన మాట తన చెవులతో తానే విన్నది. గంపలో మిగిలిన రెండు పిల్లలు సన్నగా కీచుమన్నాయి. అమ్మ లేచింది, సంచి అక్కడే వదిలేసి బయటికి పోయింది. తలుపు మూయలేదు.

కాసేపటికి మా ఇంట్లో అందరం తాగే పెద్ద ఇత్తడి చెంబుతో వచ్చింది. కుండలోని నీళ్లు, బయటి వైపు చెమ్మ పట్టి ఉంది. దాని మీద గ్లాసు బోర్లించి ఉంది. పిల్లికి తెచ్చానని నా మొహం చూడకుండా చెప్పి, పెంకులోని వాము నీళ్లు పారబోసి, చెంబులోవి కొన్ని వంచింది. పిల్లి లేవలేక పడుకునే మెడ చాచి తాగింది. ఆగకుండా తాగింది. అమ్మ మిగిలిన నీళ్ల చెంబును నా మంచం పక్కన పెట్టి, గ్లాసు దాని మీదే ఉంచి పోయింది.

గ్లాసు వాడలేదు, చెంబే ఎత్తాను. సగం మెడ మీద పోయింది, రవిక తడిసింది. ఆ తర్వాత సంతోషం కలగాలి కదా, కలగలేదు. చచ్చిపోయిన రెండు పిల్లి కూనల మీద, నేను చూడని అక్క మీద ఏడుపు వచ్చింది. ఇదంతా మొదలుపెట్టిన మా నాయనమ్మ ఎప్పుడో పోయింది, తిట్టడానికి కూడా మిగల్లేదు.

అమ్మ చెంబు కోసం వచ్చి, ఖాళీగా ఉండటం చూసి, ఇంకింత కావాల్నా అని అడిగింది. తల ఊపాను.

ఆముదం మానేసింది, కారం మానేసింది. కుంపటి తీసి బయట పెట్టింది. పిల్లికి సల్ల కలిపిన మెత్తటి రొట్టె పెట్టింది. ఒళ్లో పెట్టుకుని గోరువెచ్చని నీళ్లలో తడిపిన గుడ్డతో పిల్లల కళ్లు తానే తుడిచింది, తల్లి నాకలేని చోట కూడా తుడిచి వాటి చేత ఉచ్చ పోయించింది. పిల్లికి మెల్లమెల్లగా పాలు దిగాయి. నాకూ దిగాయి, అదే రోజుల్లో, అదే గదిలో. ఒకరివి ఒకరు లాక్కోలేదు. ఆ మాట అనాలని నాలుక దురద పెట్టింది గానీ అమ్మ మొహం చూసి మింగేశాను. పిల్లలు గంప అంచు పట్టుకుని నిలబడే వేళకు తల్లి వాటిని ఒక్కొక్కటిగా నోట కరుచుకుని తలుపు దాటించింది. అమ్మ తలుపు పట్టుకుని నిలబడి చూసింది.

నన్ను బావి దగ్గరికి తీసుకుపోయే రోజు వచ్చింది. ముత్తైదువలను పిలవడానికి అమ్మ వీధి వీధీ తిరిగి వచ్చింది. గోడ అవతల పెద్దమ్మ ఇల్లు మాత్రం వదిలేసింది. నాకు మళ్లీ కోపం వచ్చింది. అంతా తెలిశాక కూడా ఇదేం మొండితనం, ఆమెనూ పిలువు అన్నాను. అమ్మ పసుపు తడుపుతోంది, చేతులు ఆపలేదు.

"పిలిచి ఏమని చెప్పాలె బిడ్డా? ఇన్నేండ్లు నా పొల్లను నువ్వే తిన్నవనుకున్న, నువ్వు గాదంట అని చెప్పాల్నా? మరి ఎవరు అని అడుగుతది గద."

అమ్మ పసుపు గిన్నె పట్టుకుని, వాకిట్లోకి వచ్చిన వాళ్ల కాళ్లకు రాయడానికి పోయింది.